పీసీఓఎస్, శరీర బరువు: కుమార్తెను నిందించే ముందు

రెండు మూడు నెలలు నెలసరి రాకపోతే ఇంట్లో మొదట వినిపించే మాట ఒకటున్నది: "తిండి తగ్గించు, ఆ ఒళ్ళు చూడు." ఆ తరువాత వైద్యురాలి వద్దకు వెళ్ళడం, స్కానింగ్, రక్తపరీక్షలు, చివరకు పీసీఓఎస్ అనే నాలుగక్షరాల పేరు. బరువు తగ్గితే సర్దుకుంటుందని చెప్పి పంపుతారు. ఇంటికి వచ్చిన తరువాత ఆ ఒక్క మాటే అమ్మాయిపై తీర్పుగా మారిపోతుంది. ఆమె ముందు కంచం పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ తీర్పును మళ్ళీ చదివి వినిపిస్తూ ఉంటారు.

మరో ఇంట్లో సన్నగా ఉన్న అమ్మాయి ఉంటుంది. ఆమెకు నెలసరి క్రమం తప్పుతున్నది, గడ్డం కింద వెంట్రుకలు మొలుస్తున్నవి. కాని లావుగా లేదు గనుక ఈ జబ్బు ఆమెకు ఉండదని పెద్దలు నిశ్చింతగా ఉంటారు. ఏళ్ళు గడిచిపోతాయి.

ఈ రెండు పొరపాట్లూ ఒకే అపోహ నుండి పుట్టినవి. ఈ వ్యాధికి బరువే కారణమనీ, ఆ బరువు అమ్మాయి స్వయంకృతమనీ మనం నమ్ముతున్నాము. బరువుకూ పీసీఓఎస్‌కూ ఉన్న సంబంధం నిజమైనదే, బలమైనదే. కాని అది మనం అనుకుంటున్నటువంటిది కాదు. ఈ నెల శీర్షికలో ఆ సంబంధాన్ని సాధ్యమైనంత స్పష్టంగా వివరించాలని సంకల్పించాము.

వ్యాధి లక్షణాలలో బరువు లేదు

1935లో అమెరికాలోని షికాగోకు చెందిన స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీల వివరాలను ప్రచురించారు. వారికి నెలసరి సరిగా రాదు, అండాశయాలు సాధారణం కంటే పెద్దవిగా ఉన్నాయి. వారిలో కొందరు స్థూలకాయులు, కొందరు కారు. అంటే ఈ వ్యాధికి ప్రసిద్ధమైన తొలి వర్ణనలోనే లావుపాటి వారితో పాటు సన్నని వారూ ఉన్నారు.

ఈనాడు వైద్యులు అనుసరిస్తున్న ప్రమాణాలకు మూలం 2003లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ నగరంలో జరిగిన నిపుణుల సమావేశం. మూడు లక్షణాలలో ఏ రెండు ఉన్నా పీసీఓఎస్‌గా భావించవచ్చునని వారు నిర్ణయించారు. మొదటిది, అండం క్రమంగా విడుదల కాకపోవడం. నెలసరి ఆలస్యం కావడం, ఆగిపోవడం దీని బాహ్యసూచన. రెండవది, పురుష హార్మోన్లు అధికం కావడం. ముఖంపై దట్టమైన రోమాలు, మొండి మొటిమలు, తలపై జుట్టు పలుచబడడం దీని గుర్తులు. మూడవది, స్కానింగ్‌లో అండాశయాలలో చిన్న చిన్న బుడగల వంటివి ఎక్కువగా కనిపించడం. థైరాయిడ్, ప్రొలాక్టిన్ వంటి హార్మోన్ల లోపాలు లేవని నిర్ధారించుకున్న తరువాతే ఈ పేరు పెట్టాలి. ఈ జాబితాలో ఎక్కడా బరువు లేదన్న సంగతిని పాఠకులు గమనించాలి.

ఆ బుడగల గురించి కూడా ఒక మాట. అవి కణితులు కావు. పూర్తిగా ఎదగక మధ్యలో ఆగిపోయిన అండపు కోశాలు. వాటి కోసం ఆపరేషన్ అవసరమేమోనని భయపడవలసిన పని లేదు. అంతేకాక, రజస్వల అయిన తొలి సంవత్సరాలలో నెలసరి క్రమం తప్పడం, స్కానింగ్‌లో ఇటువంటి కోశాలు ఎక్కువగా కనిపించడం సహజమే. అందుకే రజస్వల అయి ఎనిమిదేళ్ళు నిండని అమ్మాయిలలో స్కానింగ్ ఆధారంగా ఈ వ్యాధిని నిర్ధారించరాదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పద్నాలుగేళ్ళ పిల్లకు ఒక్క స్కానింగ్ కాగితం చూసి జీవితాంతపు ముద్ర వేయడం న్యాయం కాదు.

ఇన్సులిన్ వద్ద పడిన ముడి

మరి బరువు ఎక్కడ ప్రవేశిస్తున్నది? ఇన్సులిన్ వద్ద.

మనం తిన్న అన్నం, రొట్టె జీర్ణమై రక్తంలోకి గ్లూకోజ్‌గా చేరుతాయి. దానిని కండరాలలోకి చేర్చే హార్మోన్ ఇన్సులిన్. పీసీఓఎస్ ఉన్న స్త్రీలలో చాలామందికి కండరాలు, కాలేయం ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. అప్పుడు క్లోమగ్రంథి అదే పనిని సాధించడానికి మరింత ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. ఫలితంగా రక్తంలో చక్కెర మామూలుగానే ఉంటుంది, ఇన్సులిన్ మాత్రం అధికంగా ప్రవహిస్తూ ఉంటుంది. సాధారణ షుగర్ పరీక్షలో ఈ సంగతి బయటపడదు.

కండరాలు స్పందించకపోయినా అండాశయం మాత్రం ఆ ఇన్సులిన్‌కు స్పందిస్తూనే ఉంటుంది. అధిక ఇన్సులిన్ ప్రేరణతో అది పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేస్తుంది. మరోవైపు, పురుష హార్మోన్‌ను పట్టి ఉంచే ఒక ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా తయారు చేస్తుంది. దానితో స్వేచ్ఛగా తిరిగే పురుష హార్మోన్ పెరుగుతుంది. అండకోశాల ఎదుగుదల మధ్యలో ఆగుతుంది, అండం విడుదల కాదు, నెలసరి రాదు.

శరీరంలో, ముఖ్యంగా పొట్ట చుట్టూ, కొవ్వు పెరిగే కొద్దీ ఇన్సులిన్‌కు స్పందించే గుణం మరింత తగ్గుతుంది. ఇన్సులిన్ పెరిగే కొద్దీ కొవ్వు నిల్వ కావడం సులభమవుతుంది. ఇది తిరుగుతూ ఉండే వలయం. బరువు ఈ వ్యాధిని ఉధృతం చేస్తుంది, వ్యాధి బరువును పెంచుతుంది. దీనికి వంశపారంపర్యత తోడవుతుంది. పీసీఓఎస్ ఉన్న స్త్రీ తల్లికో, అక్కచెల్లెళ్ళకో అవే లక్షణాలు ఉండే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ. ఇన్ని కారణాలు కలిసి వేసిన ముడిని ఒక అమ్మాయి నోటి చాపల్యానికి అంటగట్టడం ఎంతవరకు సమంజసం?

ఈ ముడికి శరీరం పైనే కనిపించే ఒక గుర్తు ఉన్నది. మెడ వెనుక, చంకలలో చర్మం నల్లగా, దళసరిగా మారడం. ఎంతోమంది తల్లులు దానిని మురికి అనుకుని శనగపిండితో రుద్ది రుద్ది కడిగిస్తారు. పిల్ల స్నానం సరిగా చేయడం లేదని కోప్పడతారు. అది మురికి కాదు. ఇన్సులిన్ అధికంగా ఉన్నదని శరీరం తెలిపే కబురు. రుద్దినందువల్ల పోదు, ఇన్సులిన్ తగ్గితే క్రమంగా పలుచబడుతుంది.

సన్నగా కనిపించినంత మాత్రాన

2004లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఒక చిత్రమైన ఛాయాచిత్రం వెలువడింది. పుణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఎత్తుకు తగిన బరువును సూచించే బీఎమ్‌ఐ ఇద్దరికీ సమానమే, 22.3. కాని శరీరంలోని కొవ్వును కొలిస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకం ఒకటే అయినా దేహాలు ఒకటి కావు. వారిద్దరూ పురుషులే అయినా ఆ చిత్రం చెప్పే పాఠం మన స్త్రీలకూ వర్తిస్తుంది. మన దేశస్థులలో చాలామందికి తక్కువ బరువులోనే ఎక్కువ కొవ్వు, అందులోనూ పొట్ట వద్ద, పేరుకుంటుంది.

ఈ కారణంగానే ప్రపంచమంతటా అధిక బరువును బీఎమ్‌ఐ 25 నుండి లెక్కిస్తుండగా, మన దేశ నిపుణులు దానిని 23 నుండే లెక్కిస్తున్నారు. 25 దాటితే స్థూలకాయంగా పరిగణిస్తున్నారు. స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లకు మించడం హెచ్చరికే. తూకం యంత్రం లేని ఇంట్లోనూ కొలత టేపు ఉంటుంది. అది చెప్పే సంగతి తక్కువేమీ కాదు.

కాబట్టి సన్నగా కనిపించే అమ్మాయికి నెలసరి తప్పుతుంటే ఆమెనూ చూపించాలి. ఆమెకు బరువు తగ్గమని చెప్పడం నిష్ప్రయోజనం, కొన్నిసార్లు హానికరం కూడా. ఆమెకు కావలసినవి సమతుల ఆహారం, కండరాలను బలపరిచే వ్యాయామం, లక్షణాలకు తగిన చికిత్స.

ఎంత తగ్గితే ప్రయోజనం?

అధిక బరువు ఉన్నవారికి మేము చెప్పదలచిన శుభవార్త ఇదే. పట్టికలోని ఆదర్శ బరువును చేరుకోవలసిన అవసరం లేదు. ఉన్న బరువులో 5 నుండి 10 శాతం తగ్గినా చాలామందిలో ఇన్సులిన్ తగ్గుతుంది, పురుష హార్మోన్ల తీవ్రత తగ్గుతుంది, అండం విడుదల మళ్ళీ మొదలు కావచ్చు.

ఒక లెక్క చూద్దాము. 155 సెంటీమీటర్ల ఎత్తు, 72 కిలోల బరువు ఉన్న స్త్రీకి బీఎమ్‌ఐ సుమారు 30. మన ప్రమాణం ప్రకారం 23కు రావాలంటే ఆమె దాదాపు 17 కిలోలు తగ్గాలి. ఆ అంకె వినగానే ఎవరికైనా గుండె జారుతుంది. కాని 5 శాతం అంటే మూడున్నర కిలోలు మాత్రమే, 10 శాతం అంటే ఏడు కిలోలు. ఆరు నెలల్లో నాలుగైదు కిలోలు తగ్గిన స్త్రీ అద్దంలో చూసుకుంటే పెద్ద తేడా కనిపించదు. చుట్టాలు "ఇంకా అలాగే ఉన్నావే" అంటారు. పట్టికలో ఆమె ఇంకా స్థూలకాయురాలే. కాని లోపల అండాశయం ఆ మార్పును గుర్తించి ఉండవచ్చు. అద్దాన్నీ, చుట్టాలనూ నమ్మి ప్రయత్నం విడిచిపెట్టడమే ఇక్కడ జరిగే పెద్ద నష్టం.

అందరికీ ఒకే ఫలితం రాదన్నదీ వాస్తవమే. కొందరికి బరువు తగ్గినా నెలసరి క్రమబద్ధం కాదు. అది వారి ప్రయత్నలోపం కాదు, మందుల అవసరం ఉన్నదని అర్థం. అలాగే బరువు ఏ మాత్రం తగ్గకపోయినా వ్యాయామం వలన ఇన్సులిన్ పనితీరు మెరుగవుతుంది. కనుక తూకం కదలనంత మాత్రాన నడక వృథా కాదు.

కంచం ఒక్కరిది కాదు

పీసీఓఎస్‌కు ప్రత్యేకమైన ఆహారపట్టిక అంటూ లేదు. 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఏ ఒక్క ఆహారపద్ధతీ మిగిలినవాటి కంటే మేలైనదని తేలలేదనీ, ఆరోగ్యకరమై చిరకాలం పాటించగలిగినదే మంచిదనీ స్పష్టం చేశాయి. ఖరీదైన పొడులు, ప్యాకెట్లు కొనవలసిన పని లేదు. మార్పు మన వంటింట్లోనే మొదలు కావాలి.

చాయ్‌తో ప్రారంభిద్దాము. రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర. చెంచాకు సుమారు 4 గ్రాముల చొప్పున రోజుకు 32 గ్రాములు, నెలకు దాదాపు ఒక కిలో. దానితోపాటు ఉస్మానియా బిస్కెట్లు. ఒక్క చాయ్‌లో చక్కెరను క్రమంగా సగానికి తగ్గించినా నెలకు అర కిలో చక్కెర ఒంట్లోకి పోకుండా ఆగుతుంది. నాలుక ఆ రుచికి కొద్ది వారాలలోనే అలవాటు పడుతుంది.

కంచంలో బగారా అన్నం కొండలా, దాల్చా చెంచాడు, కూర అంచున ఉండడం మన అలవాటు. ఈ కొలతలను తారుమారు చేయాలి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, కీరా, ఉల్లి ముక్కలు. పావు భాగం పప్పు, గుడ్డు, చేప, కోడి లేక మాంసం. మిగిలిన పావు భాగమే అన్నం లేదా రొట్టె. రాయలసీమ ఇళ్ళలో తరతరాలుగా ఉన్న జొన్నరొట్టెను పేదల తిండి అని పక్కన పెట్టినవారు దానిని మళ్ళీ పొయ్యి మీదికి తేవచ్చు. బిర్యానీని నిషేధించనక్కరలేదు. వారానికి రెండుసార్లు తినేది నెలకు రెండుసార్లకు తగ్గినా మంచిదే. దావత్‌లో డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా రెండూ వడ్డించుకోకుండా ఒకదానితో సరిపెట్టుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటున్నది. ఇంటిల్లిపాదీ పరాఠాలు తింటూ ఆ ఒక్క అమ్మాయి ముందు మాత్రం కీరా ముక్కలు పెట్టడం చికిత్స కాదు, శిక్ష. ఆమెకు వచ్చిన ఇన్సులిన్ సమస్య ఆమె రక్తసంబంధీకులలోనూ ఉండవచ్చు. తండ్రికి షుగర్, తల్లికి రక్తపోటు ఉన్న ఇళ్ళు ఎన్ని లేవు? అమ్మాయికి మేలైన భోజనం అందరికీ మేలైనదే. వంట ఒక్కటే కావాలి, కంచాలు ఒకేలా ఉండాలి.

నడక విషయానికి వస్తే, వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం, లేదా దానికి సమానమైన శ్రమ అవసరం. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. వారానికి రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలి. కుర్చీలో నుండి చేతుల ఊతం లేకుండా పదేసిసార్లు లేవడం, నీళ్ళు నింపిన సీసాలను ఎత్తి దించడం ఇంట్లోనే చేయవచ్చు. అమ్మాయి ఒంటరిగా బయట నడవడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే అన్నయ్యో, తండ్రో తోడు వెళ్ళాలి, లేదా తల్లీకూతుళ్ళు కలిసి మేడపై నడవాలి. బయటకు పంపకుండా, తోడూ వెళ్ళకుండా "కదలదు" అని నిందించడం మాత్రం తగదు.

రమజాన్ ఉపవాసాల సందర్భంగా

ఉపవాసాలతో సహజంగానే బరువు తగ్గుతామని కొందరు ఆశిస్తారు. ఇఫ్తార్‌లో సమోసాలు, తియ్యని షర్బత్, ఆపై హలీం, రాత్రి భోజనం, నిద్రలేమి కలిస్తే నెలాఖరుకు బరువు పెరిగినా ఆశ్చర్యం లేదు. ఖర్జూరంతో, నీటితో ఉపవాసం విరమించి, కొంత వ్యవధి తరువాత మితంగా భుజించడం శ్రేయస్కరం. ఇన్సులిన్ పనితీరును మెరుగుపరచడానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నవారు ఉపవాసాలు ప్రారంభం కావడానికి ముందే వైద్యురాలిని కలిసి ఇఫ్తార్, సెహ్రీ వేళలకు మోతాదును మార్పించుకోవాలి. తమంతట తాము మానివేయరాదు. షుగర్ వ్యాధికి ఇతర మందులు కూడా వాడుతున్నవారికి ఈ సలహా మరింత అవసరం.

నెలసరి క్రమం తప్పినవారికి నమాజు, ఉపవాసాల విషయంలో ఏ రోజులను ఎలా లెక్కించాలన్న సందేహం కలుగుతూ ఉంటుంది. ప్రతి నెలా మొదలైన తేదీ, ముగిసిన తేదీ ఒక చిన్న పుస్తకంలో రాసి ఉంచుకోవడం మంచిది. ఆ పుస్తకం ధర్మపండితులను ప్రశ్నించడానికీ పనికివస్తుంది, వైద్యురాలికి చూపించడానికీ పనికివస్తుంది.

మాత్రల పేరు విని భయపడవద్దు

నెలసరిని క్రమబద్ధం చేయడానికి వైద్యులు తరచూ రాసే మాత్రలు గర్భనిరోధానికి వాడేవే. పెళ్ళికాని అమ్మాయికి ఇవేమిటని ఎందరో తల్లులు చీటీని మడిచి పెట్టె అడుగున దాస్తారు. ఇక్కడ ఆ మాత్రల ఉద్దేశం వేరు. అండం విడుదల కాని శరీరంలో గర్భాశయం లోపలి పొర నెలలు గడిచినా రాలిపోక దళసరి అవుతూ ఉంటుంది. ఏళ్ళ తరబడి అలా కొనసాగితే ఆ పొరలో క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. అధిక బరువు ఆ ముప్పును ఇంకా పెంచుతుంది. మొత్తం మీద చూస్తే అది అరుదైనదే, అయినా నివారించదగినది. ఆ మాత్రలు, లేదా కొన్ని రోజులు వాడే ప్రొజెస్టిరాన్ మాత్రలు, ఆ పొరను కాపాడతాయి. స్థూలకాయం, రక్తపోటు, కుటుంబంలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ఆ సంగతి వైద్యురాలికి దాచకుండా చెప్పాలి. ఏ మాత్ర తగినదో ఆమె నిర్ణయిస్తారు.

సంతానం విషయంలోనూ నిరాశ అవసరం లేదు. పీసీఓఎస్ అంటే వంధ్యత్వం కాదు. బరువు కొంత తగ్గడం, అండం విడుదలకు లెట్రోజోల్ వంటి మందులు వాడడం ద్వారా చాలామంది తల్లులవుతున్నారు. గర్భిణిగా ఉన్నప్పుడు షుగర్, రక్తపోటు వచ్చే అవకాశం ఎక్కువ గనుక ముందునుండే పరీక్షలు చేయించుకోవాలి. కోడలి బరువును ఎత్తిచూపే ముందు కుమారునికి వీర్యపరీక్ష జరిగిందా అని కూడా అత్తమామలు అడగాలి. సంతానలేమికి కారణం ఇద్దరిలో ఎవరిలోనైనా ఉండవచ్చు. మరొక హెచ్చరిక: నెలసరి సరిగా రాదు గనుక గర్భం రాదనుకోవడం పొరపాటు. అండం ఎప్పుడైనా విడుదల కావచ్చు.

మాట చేసే గాయం

ఈ వ్యాధి ఉన్న స్త్రీలలో కుంగుబాటు, ఆందోళన ఇతరుల కంటే ఎక్కువగా కనిపిస్తాయి. ముఖంపై రోమాలు, మొటిమలు, పెరిగిన బరువు, పైగా పెళ్ళిచూపుల్లో ఎదురయ్యే చూపులు ఇందుకు తోడవుతాయి. బరువు విషయంలో సమాజం చూపే చిన్నచూపు స్వయంగా ఆరోగ్యానికి హాని చేస్తున్నదని 2023 మార్గదర్శకాలు గుర్తించి, వైద్యులు సైతం ఈ విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలని సూచించాయి. సిగ్గుపడ్డ అమ్మాయి నడకకు వెళ్ళదు, గదిలో తలుపు వేసుకుంటుంది. అవమానం పొందిన అమ్మాయి అందరి ముందు తినడం మాని ఒంటరిగా తింటుంది. నింద బరువును తగ్గించదు, పెంచుతుంది.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

రజస్వల అయి మూడేళ్ళు గడిచిన తరువాత కూడా నెలసరికి నెలసరికి మధ్య 35 రోజులకు మించి వ్యవధి ఉంటున్నా, ఏడాదికి ఎనిమిదిసార్ల కంటే తక్కువగా వస్తున్నా వైద్యురాలిని సంప్రదించాలి. 90 రోజులు దాటినా రాకపోతే వెంటనే వెళ్ళాలి. వ్యాధి నిర్ధారణ అయినవారు సన్నగా ఉన్నా లావుగా ఉన్నా రక్తపోటు, కొలెస్ట్రాల్, షుగర్ పరీక్షలు చేయించుకోవాలి. షుగర్‌కు పరగడుపు పరీక్ష ఒక్కటే చాలదు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తరువాత చేసే పరీక్ష లోపలి సంగతిని మెరుగ్గా చెబుతుంది. బిగ్గరగా గురక, పగలు అణచుకోలేని నిద్ర ఉంటే అదీ చెప్పాలి.

తల్లులకు మా విన్నపం ఒక్కటే. ఈ పూట భోజనానికి కూర్చున్నప్పుడు అమ్మాయి కంచంలోకి చూడకండి. మీ కంచాన్ని ఆమె కంచంలా మార్చుకోండి. భోజనం ముగిశాక "నడువు" అని ఆజ్ఞాపించకుండా "రా, కలిసి నడుద్దాం" అని పిలవండి. ఆమె మోస్తున్న బరువులో కొంత కొవ్వు, కొంత వ్యాధి. మిగిలినది మన మాటలు పెట్టిన బరువు. దానిని దించడానికి ఏ మందూ అక్కరలేదు, ఈ రోజే దించవచ్చు.